పి.ఆర్.సి. ప్రశస్తి

తల్లీ పి.ఆర్.సి.! నీ పేరు వినబడగానే సర్కారు ఉద్యోగులు జీతాల పెంపు కమిషన్ అనుకుని చెవులు రిక్కిస్తారు. పాపం, వాళ్లకి నీ సంగతి తెలీదు. కోర్టు వరండాలో గోడకి చేరగిలబడి కూర్చున్న ముద్దాయికి తెలుసు నువ్వెవరో. ప్రిలిమినరీ రిజిస్టర్ కేసువి. హత్య, హత్యాయత్నం, వరకట్నపు చావు, ఇలా సెషన్స్ జడ్జి మాత్రమే విచారించదగ్గ నేరం ఎవరి మీద పడినా, ముందు మెజిస్ట్రేటు కోర్టు రిజిస్టరులో నీ పేరు మీద ఒక నంబరు పడాలి. నీకు మొక్కు చెల్లించకుండా సెషన్స్ గుడి మెట్లు ఎక్కడానికి వీల్లేదు. విజయనగరం జిల్లాలో పైడితల్లి అమ్మవారి తర్వాత ఇంతమందిని ఇంత ఓపిగ్గా నిలబెట్టగలిగింది నువ్వొక్కదానివే. ఆ తల్లి సంబరం ఏడాదికి ఒకసారే. నీ సంబరం వాయిదా వాయిదాకీ.

కొత్తవలస మనిషికి నీ మహిమ తొందరగా బోధపడుతుంది. మాది జంక్షను. హౌరా నుంచి చెన్నై పోయే పెద్ద లైను మీద మా ఊళ్లోనే కిరండూల్ లైను విడిపోతుంది. బైలదిల్లా కొండల ఇనుపరాయి మా పక్కనుంచే విశాఖ రేవుకి దిగుతుంది. బండిని ఒక లైను మీంచి ఇంకో లైను మీదకి మళ్లించాలంటే ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. వచ్చేది ఏ బండి, పోవలసింది ఎటు, ముందు దారి ఖాళీగా ఉందా లేదా అని. నీకు ఆ చాదస్తం లేదు. పెట్టెలో ఏముందో చూడకుండా, అసలు ఏమైనా ఉందో లేదో తట్టి చూడకుండా, మనిషిని సెషన్స్ లైను మీదకి మళ్లిస్తావు.

పరాయి దేశాల వాళ్ల అమాయకత్వం తలుచుకుంటే జాలేస్తుంది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో, గ్రాండ్ జ్యూరీ ముందే నేరారోపణ చేసి ఉంటే తప్ప, జైల్లో ఉన్న ముద్దాయికి మొదటి హాజరు తర్వాత 14 రోజుల్లో, బయట ఉంటే 21 రోజుల్లో ప్రిలిమినరీ హియరింగ్ జరపాలట. ప్రాసిక్యూటరు సాక్షిని తెచ్చి నిలబెట్టాలి. ముద్దాయి వకీలు అడ్డప్రశ్నలు వేయొచ్చు, కావాలంటే తన సాక్ష్యం కూడా పెట్టుకోవచ్చు. మనిషి నేరం చేశాడని నమ్మడానికి తగిన కారణం లేదని మెజిస్ట్రేటుకి తోస్తే, అక్కడికక్కడే వదిలేస్తాడు. మన కొత్తవలస, విజయనగరం కుర్రాళ్లు అక్కడ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పొరపాటున ఏ కేసులోనైనా ఇరుక్కుంటే ఈ తతంగమంతా చూసి బిత్తరపోవలసిందే. ఇంత చిన్న ప్రశ్నకి అంత సభా? మా ఊళ్లో అయితే ఆ ప్రశ్నే వేయరు కదా.

నీకూ ఒకప్పుడు ఆ చాదస్తం ఉండేది తల్లీ, దాచుకోకు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు ప్రకారం సెషన్స్‌కి పోవలసిన ప్రతి కేసులోనూ మెజిస్ట్రేటు ముందు సాక్షుల్ని పిలిచేవాడు. ప్రమాణం చేయించి చెప్పించేవాడు. ముద్దాయి తరఫున అడ్డప్రశ్నలు వేయనిచ్చేవాడు. ముద్దాయి మాటా వినేవాడు. కేసులో సరుకు లేదనిపిస్తే డిశ్చార్జి చేసి ఇంటికి పంపేవాడు.

ఆ చాదస్తం వల్ల ఏం లాభమో మన విజయనగరం వాళ్లకి ఒకరు చెప్పాలా? కన్యాశుల్కం నాటకంలో లుబ్ధావధాన్లు మీద పడిన కేసు ఏమిటి? ఖూనీ కేసు. చచ్చింది ఎవరు? పెళ్లికూతురు. ఆ పెళ్లికూతురు ఎవరు? కరటకశాస్త్రి గారి శిష్యుడు, ఆడవేషం వేసుకున్న కుర్రాడు. వేషం తీసేసి నిక్షేపంగా తిరుగుతున్నాడు. లేని పెళ్లికూతుర్ని చంపిన నేరానికి ఒక ముసలాడు కోర్టు పాలయ్యాడు. గురజాడ వారు ఆ కథ అల్లిన కాలంలో అలాంటి కేసుని గుమ్మంలోనే ఆపి, శవం ఎక్కడయ్యా అని అడగడానికి చట్టంలో ఒక చోటుండేది. ఇప్పుడు అదే కేసు వస్తే? ఛార్జిషీటు మీద హత్య సెక్షను వేసి ఉందా లేదా అన్నది ఒక్కటే చూసి, ఉంటే సెషన్స్‌కి పంపేస్తాం. పెళ్లికూతురు ఉందా లేదా అన్న మీమాంస పై కోర్టు వారిది. వకీలు సౌజన్యారావు పంతులు గారు అంతవరకూ కాగితాలు సర్దుకుంటూ కూర్చోవచ్చు.

నీ పాతరూపంలో లోపాలు లేవని నేననను. సాగదీత విపరీతం. మీరట్ కుట్ర కేసులో 1929 మార్చిలో కార్మిక నాయకుల్ని పట్టుకున్నారు. సెషన్స్‌కి పంపాలా వద్దా అని తేల్చడానికి 1930 జనవరి వచ్చింది. తీర్పు 1933 జనవరిలో. ఒకే సాక్షి ఒకే కథ రెండు కోర్టుల్లో చెప్పాలి. రెండింటి మధ్యా ఎంత వ్యవధి దొరికితే అంతమంది అతని ఇంటికి వెళ్లి కబుర్లు చెప్పగలరు. అందుకని 1955లో నీ రెక్కలు సగం కత్తిరించి, పోలీసు కేసుల్లో ముఖ్యంగా కళ్లారా చూసిన సాక్షుల్ని వింటే చాలన్నారు. 1973లో కొత్త కోడు తెచ్చినప్పుడు మిగతా సగమూ తీసేశారు. ఈ ప్రాథమిక విచారణ వల్ల ఉపయోగమేమీ లేదు, పైగా ఆలస్యానికి అది పెద్ద కారణం అని ఆ బిల్లు ఉద్దేశాల పత్రంలోనే రాసుకున్నారు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం మన పెద్దలకి కొత్తేమీ కాదు. నీ కొత్త రూపం అమల్లోకి వచ్చిన తేదీ మాత్రం నాకు భలే ఇష్టం. 1974 ఏప్రిల్ 1.

ఆ రోజు నుంచి నీ రూపం నిరాకారం, నిర్గుణం. మెజిస్ట్రేటు సాక్షిని పిలవనక్కర్లేదు. వాదనలు విననక్కర్లేదు. ముద్దాయికి నకళ్లు ఇవ్వాలి, నేరం సెషన్స్ కోర్టు మాత్రమే విచారించేది అని పైకి కనిపిస్తోందా అని చూడాలి, పంపేయాలి, దానికే కమిట్ చేయడమని పేరు. 1978లో ‘కిస్సా కుర్సీ కా’ సినిమా కేసు సుప్రీంకోర్టుకి వెళ్లినప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ ఈ సంగతి స్పష్టంగా చెప్పారు. మెజిస్ట్రేటు తొంగి చూడాల్సిన కన్నం చాలా చిన్నది, అందులోంచి సెక్షను కనిపిస్తే చాలు, సాక్ష్యం కనిపించనక్కర్లేదు అన్నది దాని తాత్పర్యం. ఆ కేసులో ముద్దాయి సంజయ్ గాంధీ. నీ ముందు అందరూ సమానులే అనడానికి ఇంతకంటే దాఖలా ఏం కావాలి? ఆ విచారణ మాజీ ప్రధానమంత్రి కొడుక్కీ లేదు, పాచిపెంట కూలీకీ లేదు.

ఇక నీ అసలు మాహాత్మ్యానికి వస్తాను.

ఆలస్యం పోగొట్టడానికి ఆలోచన తీసేశారు కదా. మరి ఆలస్యం పోవాలి కదా. పోలేదు! అదీ నీ లీల. ఆలోచన తీసేశారు, ఆలస్యాన్ని అలాగే ఉంచారు. పొద్దున పదిన్నరకి కాల్ వర్క్ మొదలవుతుంది. బెంచి గుమాస్తా నంబరు చదువుతాడు. కోర్టు కానిస్టేబులు వరండాలోకి వచ్చి పేర్లు కేకేస్తాడు. మొదటి ముద్దాయి ఎ-1 హాజరు. ఎ-2 హాజరు. ఎ-3 రాలేదు, జ్వరం అని పిటిషను. ఎ-4 అడవివరం జైల్లో ఉన్నాడు, ఎస్కార్టుకి మనుషులు లేరు. వాయిదా. తర్వాతి వాయిదాకి ఎ-4 వస్తాడు, ఎ-2 రాడు, వాడి మీద నాన్ బెయిలబుల్ వారంటు. ఆ పై వాయిదాకి అందరూ వస్తారు, నకళ్లు సిద్ధంగా ఉండవు. నకళ్లు అందాక ఫోరెన్సిక్ రిపోర్టు కాపీ లేదంటారు. అదీ వచ్చాక ఎ-3 ఈసారి నిజంగానే పారిపోతాడు. వాడి కేసు విడగొట్టి మిగతావాళ్లని కమిట్ చేయండి అని సర్కారు వకీలు ఏపీపీ గారు లేస్తారు. విడగొట్టడానికి మళ్లీ ఒక నంబరు, ఒక వాయిదా.

ఈ మధ్యలో, ఎ-4 తల్లికీ ప్లీడరు గుమాస్తాకీ వరండాలో జరిగే సంభాషణ ఈ ప్రాంతంలో ఏ కోర్టు దగ్గర నిలబడినా వినొచ్చు.

“మావోడి కేసు ఏటైంది బాబూ?”

“పి.ఆర్.సి.లో ఉందమ్మా.”

“జడ్జీ గారు ఇన్నారా?”

“లేదమ్మా. ఈయన వినరు. ఈయన పంపుతారు. విజయనగరంలో ఆయన వింటారు.”

“మరి ఇననప్పుడు పంపడానికి ఏటడ్డం బాబూ?”

గుమాస్తా దగ్గర దీనికి జవాబు లేదు. లా కమిషన్ల దగ్గరా లేదు. కొత్త చట్టం దగ్గర మాత్రం ఉంది. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 232వ సెక్షనులో నీకు గడువు పెట్టారు. కేసు స్వీకరించిన నాటి నుంచి 90 రోజుల్లో కమిట్ చేయాలి. చాలకపోతే, కారణాలు రాసుకుని 180 రోజుల దాకా లాగొచ్చు. ముద్దాయి హాజరైన 14 రోజుల్లో నకళ్లు ఇవ్వాలని 230వ సెక్షను. భేష్! ఏమీ వినే అవసరం లేని పనికి మూడు నెలలు. విననందుకు కారణాలు రాసుకుంటే ఆరు నెలలు. అమెరికా వాడు సాక్షిని పిలిచి, అడ్డప్రశ్నలు వేయించి, వాదన విని 14 రోజుల్లో తేలుస్తున్నాడంటే తొందరపాటు మనిషని కాదూ? ఇంగ్లండు వాడు కూడా తన కమిటల్ విచారణని 2013లో పూర్తిగా ఎత్తేశాడు. అయితే వాడు దాంతోపాటు కమిటల్ వాయిదాలు కూడా ఎత్తేశాడు. రసికత లేని జాతి.

నకళ్ల సంగతి అనుకున్నాం కదా. అవి తరచూ ఇంగ్లీషులో ఉంటాయి. సాక్షి ఒక రైతు అనుకోండి. “సీకట్లో ఎవుడో పరిగెట్టినాడు బాబూ, మొకం అవుపడలేదు” అన్నాడనుకోండి. ఆ మాట ఇంగ్లీషులోకి దిగి, టైపై, మూడు కాపీలై వచ్చేసరికి చీకటి కొంత పల్చబడి, మొహం కొంత కనబడటం మొదలుపెడుతుంది. నీ పాత రోజుల్లో అయితే ఆ రైతే బోనెక్కి తన నోటితో తన మాట చెప్పేవాడు. తేడా ఏమైనా ఉంటే అక్కడే బయటపడేది. ఇప్పుడు ఆ తేడా బయటపడాలంటే ట్రయల్ దాకా ఆగాలి. అప్పటికి రైతుకి మతిమరుపొస్తుంది. చీకటి మాత్రం పూర్తిగా తొలగిపోయి ఉంటుంది.

పై కోర్టులో డిశ్చార్జి పిటిషను వేసుకోవచ్చు కదా అని నీ భక్తులు అంటారు. నిజమే. కమిట్ అయిన 60 రోజుల్లో వేసుకోవాలని 250వ సెక్షను. సెషన్స్ జడ్జి ప్రాసిక్యూషన్ చెప్పింది చెప్పినట్టు ముద్ర కొట్టే పోస్టాఫీసు కాదని సుప్రీంకోర్టు ప్రఫుల్లకుమార్ సామల్ కేసులో ఎప్పుడో చెప్పింది. గొప్ప మాట. ఆ బిరుదు సెషన్స్ జడ్జికి తగదన్నారు కాబట్టి, అది కింద కోర్టుకే ఖాయమైపోయింది. నాకైతే పోస్టాఫీసుని అలా చులకన చేయడం బాధగా ఉంది. కొత్తవలస పోస్టాఫీసులో పార్శిలు కౌంటరు మీద పెడితే తూకం వేస్తారు, లోపల ఏముందని అడుగుతారు, చిరునామా సరిగా లేకపోతే వెనక్కిస్తారు.

సరే, ముద్దాయి డిశ్చార్జికి వెళ్లాడు. నేరం జరిగిన పూట నేను ఊళ్లోనే లేను, అరకులో ఆస్పత్రిలో ఉన్నాను, ఇదిగో చీటీ అన్నాడు. ఆ చీటీ లోపల పెట్టుకో నాయనా అంటుంది చట్టం. 2004లో ఒడిశా నుంచి వచ్చిన దేబేంద్రనాథ్ పాఢి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ దశలో చూసేది ప్రాసిక్యూషన్ కాగితాలు మాత్రమే, ముద్దాయి కాగితాలు కాదు. ఎంత చల్లని ఏర్పాటు! ఒక చెవితోనే విన్నా దాని పేరు హియరింగే. ముద్దాయి కాగితానికి వంతు ఎప్పుడొస్తుందంటే, ప్రాసిక్యూషన్ సాక్ష్యమంతా అయ్యాక, డిఫెన్సు సాక్ష్యం దగ్గర. అప్పటికి ఆస్పత్రి రికార్డుల గదిలో చెదలు తమ విచారణ ముగించి ఉంటాయి.

ఇంకో చమత్కారం ఉంది. ఇది కొత్త చట్టం చెక్కిన చమత్కారం. ఒకడి పక్కింటాయన అతని మీద మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు పెట్టాడనుకో. దాన్ని స్వీకరించే ముందు అతనికి నోటీసిచ్చి, అతని మాట వినాలి. వినకుండా స్వీకరించడానికి వీల్లేదు. 223వ సెక్షను తెచ్చిన కొత్త హక్కు ఇది. అదే ఫిర్యాదు పోలీసు స్టేషను మీదుగా ఛార్జిషీటై వస్తే? వినక్కర్లేదు. పక్కింటాయన అబద్ధమాడగలడు, ఆయన మామూలు మనిషి. ఖాకీ బట్టలు వేసుకున్న మనిషి అబద్ధమాడడు. ఇంత నమ్మకం మన చట్టానికి మన పోలీసుల మీద ఉందంటే, వాళ్లు ఆనందబాష్పాలు రాల్చాలి.

అయినా నువ్వు కూడా ఇప్పుడు అందరికీ దొరకవు. గంజాయి కేసు వాళ్లకి నీ దర్శనభాగ్యం కూడా లేదు. కొత్తవలస మీదుగా అరకు రోడ్డూ పోతుంది, కిరండూల్ రైలూ పోతుంది. కొండల్లోంచి, ఒడిశా సరిహద్దు అవతల్నించి దిగే సంచులు విశాఖ చేరే దారుల్లో ఇదొకటి. సంచితోపాటు ఒక కుర్రాడు దిగుతాడు. వాడిది ఎక్కువగా కొండ మీద ఊరు. సంచి ఎవరిదో వాడికి తెలిసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మత్తుమందుల మీద వచ్చిన ఎన్‌డిపిఎస్ చట్టం 36ఎ సెక్షను ప్రకారం ప్రత్యేక కోర్టు ఆ కేసుని కమిటల్ లేకుండానే నేరుగా తీసుకుంటుంది. పిల్లల మీద లైంగిక నేరాల పోక్సో కేసులూ అంతే. 2016 నుంచి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల కేసులూ అంతే. బాధితులకి తొందరగా న్యాయం జరగాలని ఆ దారి వేశారు, దానితో నాకు పేచీ లేదు. గంజాయి దగ్గర మాత్రం లెక్క ఇంకాస్త ముచ్చటగా ఉంటుంది. సరుకు 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. అప్పుడు ఛార్జిషీటుకి గడువు 60, 90 రోజులు కాదు, 180 రోజులు. పబ్లిక్ ప్రాసిక్యూటరు రిపోర్టు పెడితే ఏడాది దాకా పొడిగించొచ్చు. బెయిలు కావాలంటే కుర్రాడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని కోర్టుకి అనిపించాలి. గమనించావా తల్లీ? ఇక్కడ ప్రాథమిక విచారణ ఉంది! నేరం చేశాడనడానికి కారణం ఉందా అని ఎవరూ అడగరు గానీ, చేయలేదనడానికి కారణం ఉందా అని మాత్రం ఖచ్చితంగా అడుగుతారు. అమెరికా వాడి ప్రశ్ననే తలకిందులుగా వేలాడదీసి, జవాబు చెప్పే బాధ్యత సంచి మోసిన కుర్రాడి నెత్తిన పెట్టాం.

మరి మొదటి ఇరవై నాలుగు గంటల మాటేమిటి, రాజ్యాంగం 22వ అధికరణం ఏమైంది అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. ఉంది. అరెస్టయిన 24 గంటల్లో, ప్రయాణ కాలం మినహాయించి, మెజిస్ట్రేటు ముందుకి తేవాలి. మనకి మిగిలిన ప్రాథమిక విచారణ ఏదైనా ఉంటే అది ఆ రిమాండు గదే. సుప్రీంకోర్టు దీని మీద చాలా పట్టుదలగా ఉంది. రిమాండు యాంత్రికంగా వేయకూడదంది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో, అవసరం లేకుండా అరెస్టు చేసిన పోలీసుకీ, ఆలోచించకుండా రిమాండు చేసిన మెజిస్ట్రేటుకీ కూడా చర్య తప్పదని హెచ్చరించింది. ఆ తర్వాతి తీర్పుల్లో, అరెస్టు ఎందుకు చేశారో కాగితం మీద రాసి ఇవ్వాలంది. 2025 నవంబరులో ఇంకో మెట్టెక్కి, ఆ కాగితం పట్టుబడినవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, ముందే ఇవ్వలేకపోతే రిమాండుకి కనీసం రెండు గంటల ముందైనా చేతికందాలి అంది. నిండైన మాటలు. ఢిల్లీ నుంచి కొత్తవలసకి రైలులో రోజున్నర పడుతుంది. తీర్పుకి ఎంత పడుతుందో టైంటేబుల్లో లేదు. రాత్రి పదింటికి మెజిస్ట్రేటు గారి ఇంటి గుమ్మం ముందు, పోలీసు జీపు దిగి, “ఎవరైనా కొట్టారా?” “లేదు బాబూ”, “ప్లీడరున్నారా?” “లేరు బాబూ” అన్న రెండు మాటలయ్యేసరికి పద్నాలుగు రోజులు రాసి ఉంటాయి. కొట్టిన మనిషి అప్పటికి రెక్క పట్టుకునే నిలబడి ఉంటాడు.

ఈ చల్లని పాలనకి ఫలితం కూడా లెక్కల్లో పడింది. 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 75 మందికి పైగా, నేరం రుజువు కానివాళ్లు. జైలు అంటే శిక్ష పడినవాళ్లు ఉండే చోటు అని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. శిక్ష పడినవాళ్లు అక్కడ మైనారిటీలు.

తల్లీ, ఇంతవరకూ నిన్ను పొగిడాను. కాని నిన్ను మించినది ఒకటి మా ఊరి పక్కనే జరిగింది. దాన్ని చెప్పకపోతే అన్యాయం.

2023 అక్టోబరు 29, ఆదివారం సాయంత్రం చీకటి పడ్డాక, కంటకాపల్లికీ అలమండకీ మధ్య, విశాఖ నుంచి పలాస పోయే ప్యాసింజరుని వెనక నుంచి రాయగడ ప్యాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. రాయగడ బండి లోకో పైలటూ, అసిస్టెంటూ అందులోనే పోయారు. ఆ దారిలో ఆటోమేటిక్ సిగ్నళ్లు రెండు చెడిపోయి ఉన్నాయి. అలాంటి సిగ్నలు దగ్గర రాత్రి పూట రెండు నిమిషాలు ఆగి, ఆ తర్వాత గంటకి పది కిలోమీటర్ల వేగానికి మించకుండా పోవాలని రూలు. వాళ్లు ఆ రూలు పాటించలేదని, తప్పు వాళ్లదేనని మర్నాటికే రైల్వే వారి ప్రాథమిక విచారణ తేల్చేసింది. కంటకాపల్లి దగ్గర క్రేన్లు ఇంకా పెట్టెలు తీస్తున్నాయి.

చూశావా? 90 రోజులు లేవు. నకళ్లు లేవు. ఎ-3 గైర్హాజరు లేదు. ఎస్కార్టు సమస్య లేదు. ముద్దాయిలిద్దరూ హాజరులోనే ఉన్నారు, మార్చురీలో. ఎదురు చెప్పే అలవాటు లేని ముద్దాయిలు. అడ్డప్రశ్నలు వేయరు, డిశ్చార్జి పిటిషను వేయరు, బెయిలడగరు. చనిపోయినవాడి మీద క్రిమినల్ కేసు నడవదని చట్టంలో ఒక పాత దురాచారం ఉంది, ప్రాథమిక విచారణకి అది అడ్డం రాలేదు. తప్పు వాళ్లది కాదని నేను చెప్పబోవడం లేదు. వాళ్లదే కావచ్చు, కొంతవరకు కావచ్చు. ఒకే దారిలో రెండు సిగ్నళ్లు ఒకే సాయంత్రం ఎందుకు చెడ్డాయి, చెడ్డ సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసింది అన్న ప్రశ్నలు తీరికున్నవాళ్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ మీదట తీర్పుకి నగిషీ కూడా దిద్దారు. 2024 మార్చిలో రైల్వే మంత్రి అశ్విని వైష్ణవ్ గారు, ఆ పైలటూ అసిస్టెంటూ ఫోనులో క్రికెట్ చూస్తున్నారని చెప్పారు. ఆ రోజు ఇండియాకీ ఇంగ్లండుకీ ప్రపంచకప్ మ్యాచి ఉన్నమాట నిజం. మిగిలింది కొన్ని నెలల తర్వాత బయటికొచ్చింది. రైల్వే భద్రతా కమిషనర్ దర్యాప్తులో, ఆ వేళ వాళ్లు ఫోనులో మ్యాచి చూశారనడానికి ఆధారం దొరకలేదని పత్రికలు రాశాయి. పోయినవాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు ఆ నెలలన్నీ వీధిలో ఎవరి మొహం ఎలా చూశారో ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు. దానికి నంబరు ఇచ్చే గుమాస్తా లేడు.

తల్లీ పి.ఆర్.సి.! నీకు ఇంకా ఎదగడానికి చోటుంది. రైల్వేని చూసి నేర్చుకో. నువ్వు వినడం మానేశావు గానీ మనుషుల్ని బతికుండగానే పిలుస్తున్నావు. అదొక్కటే నీలో మిగిలిన వెనకబాటుతనం.

ఫలశ్రుతి: ఈ ప్రశస్తిని వాయిదా నాడు కాల్ వర్కుకి ముందు, కోర్టు వరండాలో తూర్పుకి తిరిగి ముమ్మారు చదివిన ముద్దాయికి నకళ్లు తెలుగులో అందును, సహముద్దాయిలు జ్వరం లేకుండా హాజరగుదురు, ఎస్కార్టు దొరుకును, సెషన్స్ నంబరు వెంటనే పడును. ఫలం 90 రోజుల్లో. కారణాలు రాసుకుంటే 180.